మణికట్టు మీద గుర్తులు

ఆదివారం పొద్దున్నే కోడలు కొత్త గుడ్డ తెచ్చి అత్తగారి కుట్టు మిషను మీద పెట్టింది.

"అత్తయ్యా, ఈసారి చేతులు పొడుగ్గా కుట్టండి. మణికట్టు దాకా."

మెడలో టేపు సర్దుకుంటున్న అత్తగారు ఆగి చూసింది. ఏళ్ల తరబడి ముందు గదిలో మిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి ఆవిడ. ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు దిగులుతో చిక్కిపోయారో ఇంట్లోవాళ్ల కంటే ముందు ఆవిడ టేపుకే తెలిసేది. ఈ పిల్ల పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ "ఇంకాస్త పొట్టిగా అత్తయ్యా, గాలాడాలి" అని ప్రాణం తీసిందే తప్ప, పొడుగు చేతులు కావాలని ఏనాడూ అడగలేదు. పైగా బయట ఎండలు మండిపోతున్నాయి.

"ఏం, మీ ల్యాబులో కొత్త రూలు పెట్టారా?"

"అదేం లేదు. ఏసీకి చలేస్తోంది." కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సాయంత్రం ల్యాబు మూసే బాధ్యత కూడా తనదే.

"సరే, చెయ్యి చాపు."

కోడలు చెయ్యి చాపింది. టేపు చుట్టడానికి అత్తగారు నైటీ చెయ్యి పైకి జరిపేసరికి మణికట్టు మీద మచ్చలు బయటపడ్డాయి. ఒకవైపు వరసగా నాలుగు, రెండోవైపు ఒకటి. మోచేతి మీద ఇంకొకటి, పాతది, అప్పుడే పచ్చబడుతోంది.

"ఇదేంటమ్మా?"

"ట్రే తగిలింది అత్తయ్యా" అంటూ కోడలు చెయ్యి లాగేసుకుంది. "కొలత అందాజుగా వేసేయండి, మీకు తెలియనిదేముంది" అని నవ్వి గదిలోకి వెళ్లిపోయింది.

ట్రేకి అయిదు వేళ్లుండవని కోడలికి తెలియదేమో గానీ, అత్తగారికి బాగా తెలుసు. కమిలిన చోటు మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, తగ్గబోయే ముందు పచ్చగా మారుతుందన్న సంగతి కూడా ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. పోయిన మొగుడు చెయ్యి పట్టుకున్నాడంటే ఎముకలు నలిగేవి. బయట మాత్రం దేవుడిలాంటి మనిషని పేరు. ఆ రోజుల్లో ఆవిడ తన బట్టలన్నిటికీ తనే పొడుగు చేతులు కుట్టుకుంది. చూసినవాళ్లు కొత్త ఫ్యాషనేమో అనుకుని ముచ్చటపడి అలాగే కుట్టించుకున్నారు కూడా. ఆవిడ కొలతలు తీసుకుని, డబ్బులు పుచ్చుకుని, కుట్టి ఇచ్చింది. ఒక్కళ్లకీ నోరు విప్పి చెప్పలేదు.

కొడుకు అచ్చం తండ్రి పోలిక. ఆ ఎత్తు, ఆ నుదురు, ఆ పొడుగాటి వేళ్లు. చిన్నప్పటి నుంచీ అందరూ అదే మాట అంటుంటే ఆవిడ నవ్వి ఊరుకునేది. పోలిక అంతటితో ఆగిపోయిందని ఇన్నేళ్లూ గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది. ఇప్పుడు గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీసింది గానీ, కత్తెర పెట్టడానికి చెయ్యి రాలేదు. తను పెంచిన పిల్లాడు. బస్సు డిపోలో పని చేసుకుని, జీతం తెచ్చి పెళ్లాం చేతికిచ్చే పిల్లాడు. వాడేనా?

అంతలో వాళ్ల గదిలోంచి ధబ్బుమని చప్పుడయింది. మనిషి పడ్డ చప్పుడు. గుక్క తిప్పుకునేలోగా ఇంకోటి.

ఆవిడ వెళ్లి తలుపు దబదబా బాదింది. కోడలు తీసింది. జుట్టంతా చెదిరి ఉంది, మొహం కందిపోయింది. వెనకాల పరుపు నేల మీద ఉంది.

"ఏం లేదత్తయ్యా, పరుపు దులుపుతున్నాను" అంది కోడలు రొప్పుతూ.

అప్పుడే ఆ గదిలోని బాత్రూం తలుపు తీసుకుని కొడుకు తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఏంటమ్మా, ఏమైంది?"

అత్తగారు కోడలి భుజం పట్టుకుని తన వెనక్కి నెట్టి, వాడికి ఎదురుగా నిలబడింది. వాడి ఛాతీ దాకా కూడా రాదు ఆవిడ.

"ఇంకోసారి ఈ పిల్ల మీద చెయ్యి వేశావంటే ఈ ఇంట్లో నీకు చోటు లేదు."

కొడుకు చేతిలో టవలు అలాగే ఉండిపోయింది. "నేనా? ఎవరి మీద?"

"నాటకాలాడకు. వేళ్ల గుర్తులు నా కళ్లతో చూశాను."

"అయ్యో, కాదత్తయ్యా" అంది కోడలు వెనకనుంచి.

"నువ్వు ఊరుకో. నేనూ ఇలాగే కాదు కాదు అనేదాన్ని."

ఆ మాట నోరు దాటాక గానీ ఏమన్నదీ ఆవిడకి తెలియలేదు. కొడుకు తల్లి మొహంలోకే చూస్తున్నాడు.

ముందు తేరుకున్నది కోడలే. అత్తగారిని తెచ్చి మంచం అంచున కూర్చోబెట్టి, తను నేల మీది పరుపు మీద చతికిలబడింది.

"మీ అబ్బాయి నన్నేమీ చెయ్యలేదు. నేను జుజుత్సు నేర్చుకుంటున్నాను. జపాన్‌వాళ్ల విద్య. ఎవరైనా మీద పడితే తప్పించుకోవడం నేర్పుతారు. క్లాసులో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుంటాం, అవే ఈ గుర్తులు. ఇందాక పడింది కూడా నేనే, కావాలనే. దెబ్బ తగలకుండా పడటం ఎలాగో ముందు అదే నేర్పారు. ఇంకా సరిగ్గా రావట్లేదు."

"కావాలని పడటం ఏంటి?" అన్నాడు కొడుకు. "నీకెందుకదంతా?"

కోడలు చెదిరిన జుట్టు ముడేసుకుంది. "రెండు నెలల కిందట, ల్యాబు మూసి బండి కోసం సెల్లార్లోకి వెళితే ఒకడు నా చెయ్యి పట్టుకున్నాడు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. లిఫ్ట్‌లోంచి ఎవరో దిగారు కాబట్టి వదిలి పారిపోయాడు. ల్యాబులో చెప్పాను, కింద వాచ్‌మన్‌ని పెట్టారు. కానీ గొంతు రాలేదన్నది నన్ను వదల్లేదు. అందుకే చేరాను. ల్యాబులో స్టాకు లెక్కలున్నాయని మీకు చెప్పి వెళ్లేది అక్కడికే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమంటారు?"

కొడుకు నోరు తెరిచాడు. అనబోయిన మాట ఏమిటో ముగ్గురికీ తెలుసు. ఉద్యోగం మానెయ్ అనే. వాడు ఆ మాట మింగేశాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది.

"చూశారా" అంది కోడలు మెల్లగా.

"మచ్చలు నేనూ చూశాను. ట్రే అన్నావు, నమ్మాను" అన్నాడు కొడుకు.

"నమ్మితే నీకు హాయిగా ఉంది కాబట్టి నమ్మావు" అంది తల్లి.

అది సూటిగా తగిలింది. వాడు గోడకి చేరబడి కూర్చున్నాడు. కాసేపటికి తలెత్తి అడిగాడు. "అమ్మా, నేను కొట్టేవాడినని ఎలా అనుకున్నావు? ఎప్పుడైనా గట్టిగా ఒక మాటన్నానా?"

"మీ నాన్నని చూసి కూడా ఎవరూ అనుకోలేదురా."

వాడికి తండ్రి అంటే భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. ఆ మనిషిని ఇకమీదట ఎలా తలుచుకోవాలో వాడికి తెలియలేదు. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

అడిగాక వాడికే అర్థమైంది, ఇదే ప్రశ్న ఇప్పుడే పెళ్లాన్ని కూడా అడిగానని. వలవలా ఏడ్చేశాడు. తల్లి లేచి వెళ్లి తడి తల నిమిరింది. "నిన్ను అనుమానించాను, నన్ను క్షమించు నాన్నా" అంది. వాడు తల అడ్డంగా ఊపి ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కాసేపటికి ఆవిడే కళ్లు తుడుచుకుని కోడలివైపు తిరిగింది.

"ఆ క్లాసులో చెయ్యి పట్టుకుంటే నొప్పెట్టదూ?"

"పెడుతుంది. భరించలేకపోతే రెండుసార్లు తట్టాలి. వెంటనే వదిలేస్తారు."

"తడితే వదిలేస్తారా?"

"ఆ."

"ఎవరైనా?"

"ఎంత పెద్దవాళ్లైనా సరే. వదలనివాళ్లని మళ్లీ గడప తొక్కనివ్వరు మా టీచరు."

అత్తగారు ఆ మాట నమ్మలేనట్టు పరుపువైపు చూసింది. తర్వాత జాకెట్టు చెయ్యి మోచేతి దాకా పైకి లాక్కుంది.

"నాకు చూపించు."

"మీకా అత్తయ్యా?"

"ఏం, ముసలిదాన్నని వెక్కిరిస్తున్నావా? మిషను తొక్కీ తొక్కీ ఈ కాళ్లు ఉక్కులా ఉన్నాయి." కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, లే. నా చెయ్యి పట్టుకో."

"నావల్ల కాదమ్మా."

"పట్టుకో నాన్నా. నువ్వే పట్టుకోవాలి."

వాడు లేచొచ్చి తల్లి మణికట్టు పట్టుకున్నాడు. దూదిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "అలా కాదు, గట్టిగా" అంది ఆవిడ. పొడుగాటి వేళ్లు బిగిశాయి. ఆ వేళ్లని చూడగానే ఆవిడకి ఆయన పట్టు గుర్తొచ్చింది. పాత అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి గుంజింది. రాలేదు.

"వెనక్కి లాగకండి" అంది కోడలు పక్కన నిలబడి. "బలంలో మనం గెలవలేం. ఆయన బొటనవేలు చూడండి. మిగతా వేళ్లు కలిసేది అక్కడే, పట్టు వదులుగా ఉండేదీ అక్కడే. మీ చెయ్యి అటు తిప్పండి. వెనక్కి పోకుండా ఆయన మీదికే ఒక అడుగు వేసి, మోచెయ్యి ముందుకి తోయండి."

మొదటిసారి కుదరలేదు. రెండోసారి అడుగు తడబడింది. "మళ్లీ" అంది ఆవిడే. ఈసారి దవడ బిగించి, కొడుకు మొహంలోకి సూటిగా చూస్తూ అడుగు ముందుకేసింది. మణికట్టు తిరిగింది, మోచెయ్యి దూసుకెళ్లింది, చెయ్యి పట్టులోంచి ఊడొచ్చింది.

ఆవిడ ఆ చేతిని కళ్ల ముందుకి తెచ్చుకుని చూసుకుంది. అనుమానంగా కొడుకు వైపు చూసింది.

"నిజం చెప్పు. జాలిపడి వదిలేశావు కదూ?"

"లేదమ్మా, ఒట్టు. గట్టిగానే పట్టుకున్నాను" అన్నాడు వాడు, తన ఖాళీ చెయ్యి చూపిస్తూ. "నువ్వే విడిపించుకున్నావు."