అయిదో నంబరు సీసా

జ్ఞానానందం మాస్టారిని చంపినవాళ్లు ఆయన తాగిన టీ గ్లాసును కడిగి, బోర్లించి మరీ వెళ్లారు.

ఏజెంట్ సత్యప్రకాష్ ఆ గ్లాసు వైపే చూస్తున్నాడు. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. నర్సీపట్నంలోని ఆ చిన్న ల్యాబులో ఆర్నెల్లుగా అటెండర్ వేషంలో అతను కాపాడుతున్నది ఆ ఒక్క మనిషినే. ప్లేట్లు కడగడానికి వెళ్లిన పావుగంటలో పని అయిపోయింది.

ఫోనులో చీఫ్ రాజేశ్వరి. “మందు మిగిలిందా?”

“ఉంది మేడం.”

గొలుగొండ వైపు గట్ల మీద మొలిచే ఒక ఆకు రసం అది. ఒకే ఒక్క ఇంజెక్షన్‌కు తప్ప దేనికీ లొంగని పుండు క్రిమిని చంపుతోంది. దాన్ని ఎత్తుకుపోయి తమ పేర పేటెంట్ చేయించుకోవాలని విదేశీ ముఠా ఎత్తు.

“నాలుగింటికి మన మనిషి, సారా అని ఒకావిడ వస్తుంది. కోడ్ సరిపోతే ఇచ్చెయ్.”

వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర సిల్కు చీర, గదంతా సెంటు.

“తాండవ కాలవకి నీళ్లు వదిలేరేటి?”

“మదుము తలుపులు ఎత్తలేదండి.”

కోడ్ సరిపోయింది. అయినా హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ బయటికొచ్చింది. డబుల్ ఏజెంట్!

“మాస్టారి టీలో కలిపింది మీరేనా?”

“పంచదార తక్కువైందన్నారు, పాపం. బేగి సూపించు.”

సత్యప్రకాష్ గాజు ప్లేటు ముందు పెట్టాడు. క్రిములు మీగడలా పరుచుకున్నాయి. వాటి మీద నంబర్లేసిన కాగితం బిళ్ళలు, ఒక్కోటీ ఒక్కో మందులో ముంచినవి. మందు పనిచేసిన చోట బిళ్ళ చుట్టూ క్రిమి చచ్చి తేటగా వలయం పడింది. మూడో బిళ్ళకి రూపాయంత. అయిదో దానికి అంతకు రెట్టింపు.

“పెద్దదే కావాల. అయిదో నంబరు సీసా తియ్యి.”

తీసి ఇచ్చాడు.

“పౌరుషం లేదేటయ్యా నీకు?”

“అటెండర్నండి.”

కారు వెళ్లిపోయింది. ల్యాబులో ప్రతి సీసా అడుగునా అతను ఎప్పుడో ట్రాకర్ అంటించాడు. చీఫ్‌కు రెండు ముక్కల్లో చెప్పి, స్టూలు మీద కూర్చున్నాడు.

గంటన్నరకి ఫోను మోగింది. “తునిలో రైలు కదుల్తుండగా పట్టుకున్నాం. ముఠా అంతా దొరికింది. మతిపోయిందా సత్యం? అసలు మందు అలా ఇచ్చేస్తావా?”

“మన మందు కాదు మేడం. అది ఆ పుండుకి ఇప్పటికే వాడుతున్న ఇంజెక్షనే. మన ఆకుని దేనితో పోల్చాలో తెలియాలని మాస్టారు ప్రతి ప్లేటులోనూ ఒక బిళ్ళకి దాన్ని పట్టించేవారు. మనది మూడో నంబరు. ఇక్కడే ఉంది.”



“మరి ఈ సీసా ఏం చెయ్యను?”

“ఆవిడకే ఉంచండి. జైల్లో పుండు లేస్తే పనికొస్తాది.”