నూరుగురు మగపిల్లల సొరబుర్ర

ఆవిరి రొట్టెల బుట్ట పొయ్యి మీద పెడుతూ యూలాన్ కిటికీలోంచి చూసింది. పెరట్లో పందిరి కింద ఆమె మొగుడు షౌతియన్ చెక్క అచ్చును వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, వైద్యుడిలా తల పంకిస్తున్నాడు. లోపల సొరకాయ ఉంది. పిందెగా ఉన్నప్పుడే రెండు చెక్కల మధ్య బిగించారు. అచ్చులో చెక్కిన బొమ్మలు కాయ ఎదిగేకొద్దీ దాని ఒంటి మీదికి ఎక్కుతాయి.

"నేను చెక్కిన నూరుగురు మగపిల్లలు! సొరవిత్తనాల్లా సంతానం! అమ్మాయి పెళ్లిలో ఈ బుర్ర చూసి వియ్యాలవారు నోరెళ్లబెట్టాలి" అన్నాడు.

యూలాన్‌కి అసలు సంగతి తెలుసు. పిందెకు అచ్చు బిగించింది కూతురు వెన్‌షూ. బిగించింది తండ్రి అచ్చును కాదు, తను చాటుగా చెక్కుకున్నదాన్ని. పైకి రెండూ ఒకటే. ఉలీ, దాంతోపాటు ఈ పనీ తనకిమ్మని పిల్ల మూడేళ్లుగా అడుగుతోంది. ఆయనేమో తమ్ముడి కొడుక్కే ఇస్తానంటాడు. ఆ అబ్బాయికి సొరకాయకీ గుమ్మడికాయకీ తేడా తెలియదు.

షౌతియన్ తాడు విప్పి చెక్కలు తీశాడు. కాయ మీద మగపిల్లలు లేరు. ఉలి పట్టిన అమ్మాయి, పక్కన నోరు తెరిచి నిద్రపోతున్న ముసలాయన.

"ఎవడే వీడు?"

"అద్దం తేనా?" అంది యూలాన్.

"నా నూరుగురు మగపిల్లలేరీ?"

"వాళ్లని కనాల్సింది నేను కదా నాన్నా, మీకెందుకంత తొందర?" అంది వెన్‌షూ.

"నోర్ముయ్! పెళ్లికి ఇదా తీసుకెళ్లేది? ఆడపిల్ల చెక్కితే ఇలాగే..."

తప్పు పట్టాలని కాయను వెలుతురుకి తిప్పాడు. బొటనవేలు గీతల మీద పాకింది. ముసలాయన బుగ్గ మీద పుట్టుమచ్చ. షౌతియన్ చెయ్యి తన ఎడమ బుగ్గ తడుముకుంది. బొమ్మలోనూ ఎడమే.

"అచ్చులో కుడివైపు చెక్కావా?"

"అచ్చులో కుడి, కాయ మీద ఎడమవుతుంది. తిరగేసి చెక్కాలిగా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీ పక్కన కూచుని చూశాను."

"నా మొదటి అచ్చులో మా నాన్న మొహంలో కుడిఎడమలు తారుమారయ్యాయి. ఊరంతా నవ్వారు" అన్నాడు షౌతియన్. నడుముకున్న సంచిలోంచి ఉలి తీసి కూతురి ముందు పెట్టాడు. "ముక్కు మరీ పెద్దదైంది. వచ్చే అచ్చులో తగ్గించు."

వెన్‌షూ ఉలిని గుండెకు హత్తుకుని ఏడ్చేసింది.

యూలాన్ చొక్కా చేతితో కళ్లొత్తుకుని, బొమ్మనీ మొగుణ్నీ మార్చి మార్చి చూసింది.

"తగ్గించకే తల్లీ" అంది. "ఉన్నదున్నట్టే ఉంది."