పేరు చెప్పని ఆకు

ఆ పొద్దున కూడా బుచ్చమ్మ ఇల్లు శొంఠి వాసనతోనే నిద్ర లేచింది. పొయ్యి మీద కషాయం తెర్లుతోంది. మిరియాలు, వాము, తులసాకు, పాత బెల్లం. కొడుకు పృథ్వీరాజ్‌కు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి ముక్కు దిబ్బడ వదలడం లేదు.

"ఎండాకాలంల కూడ స్వెట్టరేసుకుని కూసునే కొలువేందిరా అది?" అంటూ గ్లాసు చేతికిచ్చింది.

"కంప్యూటర్లకు ఉడకపోస్తదే అమ్మా."

"కంప్యూటర్లకు సల్లగుండాలె, నా కొడుకు ముక్కు కారాలె. మంచిగుంది తియ్!"

అతను నవ్వి, కషాయం ఒక్క గుక్కలో మింగి, స్కూటర్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ముందు గదిలో మనవరాలు నిహారిక అప్పటికే నేలంతా పరుచుకుని కూర్చుంది. ఆ పిల్లకు చేత్తో కార్డులు చేసే పిచ్చి. పాత పేపర్లు నానబెట్టి, మెత్తగా రుబ్బి, జల్లెడలో పలచగా పరిచి ఆరబెడితే గరుకు గరుకుగా కాగితం తయారవుతుంది. పసుపు నీళ్ళలో ముంచితే ఒక రంగు, బీట్‌రూట్ రసంలో ముంచితే ఇంకో రంగు. మీద ఎండిన పూరేకులూ ఆకులూ అతికిస్తుంది. గంజిలో కాస్త వేపాకు రసం కలిపితే పురుగు పట్టదని ఆ జిగురు చేయడం నేర్పింది నాయనమ్మే.

"మళ్ళ మిక్సీల పేపర్ రుబ్బినవానే? నిన్న పల్లీల చట్నీల ఏదో సినిమా వార్త తగిలింది నా పంటికి" అని వంటింట్లోంచి తల్లి మనోజ కేకేసింది.

"హిట్టా ఫ్లాపా అమ్మా?" అంది నిహారిక.

అందరూ నవ్వారు. బుచ్చమ్మ మాత్రం సగం నవ్వి ఆగిపోయి, గేటు వైపు చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు. ఈ మధ్య ఎవరూ ఉండటం లేదు.

ఒకప్పుడు ఆ గేటు ఖాళీగా ఉండేది కాదు. బుచ్చమ్మ షేక్‌పేట నుంచి కాపురానికి వచ్చిననాడు ఇక్కడ ఫిల్మ్ నగర్ అన్న పేరే లేదు, అన్నీ బండలే. తర్వాత సినిమావాళ్ళు వచ్చారు. వాళ్ళతోపాటు మేకప్ వచ్చింది, మేకప్‌తో దద్దుర్లు వచ్చాయి. పగలంతా లైట్ల కింద ఆ రంగు పూసుకుని చెమటలో నానిన ముఖాలు ఎర్రగా కందిపోయి వచ్చేవి. బుచ్చమ్మ ఒక ఆకు నూరి, ఇంత ఉప్పు, ఇంత పసుపు కలిపి ఇచ్చేది. రూపాయి తీసుకునేది కాదు. "బుచ్చమ్మ మందు" అని స్టూడియో గేటు దగ్గర ఆటోవాళ్ళు కూడా ఇల్లు చూపించేవారు.

ఆ ఆకుకు ఒక కట్టుబాటు ఉంది. అత్త నుంచి కోడలికే రావాలి. తెల్లవారకముందే వెళ్ళి కోయాలి. కోసేటప్పుడు మాట్లాడకూడదు, ఆకు నలిపి చూడకూడదు, వాసన చూడకూడదు. కొంగులో వేసుకుని తెచ్చి, తలుపు మూసి నూరాలి. అన్నిటికంటే ముఖ్యం, దాని పేరు నోటితో పలకకూడదు. పలికితే చేతిలో గుణం పోతుంది. బుచ్చమ్మ అత్త అలాగే చెప్పింది, బుచ్చమ్మ అలాగే నడుచుకుంది. మనోజ కోడలిగా వచ్చాక ఒకనాడు ఆ ఆకును ఆమె అరచేతిలో పెట్టి గుప్పెట మూసింది. అంతే. పేరు చెప్పలేదు, మనోజ అడగలేదు.

అట్లాంటిది, కొన్ని నెలలుగా జనం రావడం మానేశారు. బుచ్చమ్మ ఒక్కతే కూర్చుని తన అరచేయి చూసుకునేది. హస్తవాసి పోయింది కాబోలు అనుకునేది. ఏ తప్పు చేశానా, ఏనాడు నోరు జారానా అని వెనక్కి వెనక్కి వెతుక్కునేది. ఒకసారి అన్నం ముందు కూర్చుని, "నా చెయ్యి సచ్చిపోయింది మనోజా" అని కళ్ళు తుడుచుకుంది. మనోజ ఏమీ అనకుండా పప్పు వడ్డించింది.

కషాయం గిన్నె దించుతుండగా గేటు చప్పుడైంది. బుచ్చమ్మ ఆశగా కొంగు సర్దుకుంది.

వచ్చింది లీలాకుమారి. భీమవరం వైపు మనిషి. సినిమాల్లో పెళ్ళికూతురి గయ్యాళి మేనత్త వేషాలు వేస్తుంది, అసలు జీవితంలో మాత్రం పిల్లికి కూడా ఎదురు చెప్పదు. ఆమె కొడుకు రిత్విక్‌కు పెళ్ళి కుదిరింది. కార్డులు నిహారికే చేసింది.

"పిన్నిగారూ, మొదటి కార్డు దేవుడికి, రెండోది మీకేనండీ" అంటూ బొట్టు పెట్టి కార్డు చేతిలో పెట్టింది.

పసుపురంగు కాగితం. మధ్యలో ఒక ఆకు అతికించి ఉంది. బుచ్చమ్మ చూపు మసక. కార్డు దగ్గరికి తెచ్చుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఏమాకే ఇది?"

"అదేంటండీ అలా అడుగుతారు? మీ మందాకే కదా! నేనే అడిగి మరీ పెట్టించుకున్నాను. మా ఇంటి శుభకార్యంలో మీ చెయ్యి ఉండాలని." అంటూ లీలాకుమారి ఆ ఆకు పేరు, కూరగాయల బండి దగ్గర వంకాయ పేరు చెప్పినంత తేలిగ్గా, పైకి అనేసింది.

బుచ్చమ్మ కార్డు మీంచి చూపెత్తింది. తన పెళ్ళైననాటి నుంచీ ఆ పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

"నీకెవరు చెప్పిన్రు లీలమ్మా?"

"మనోజే చెప్పిందండీ. నాకనే ఏముంది, వచ్చిన అందరికీ..." లీలాకుమారి అక్కడ ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో మనోజ ముఖం తెల్లబోయి ఉంది.

బుచ్చమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది. అరవలేదు. అరిస్తే బాగుండేదని తర్వాత మనోజ అనుకుంది.

"గేటు కాడికి వచ్చినోళ్ళందరికీ చెప్పినవా?"

"అత్తమ్మా, జర నా మాట..."

"చెప్పినవా లేదా?"

"చెప్పిన."

"నా అత్త నా చేతుల పెట్టింది. నేను నీ చేతుల పెట్టిన. కొడుక్కు కూడ చెప్పలే. కడుపున పుట్టిన బిడ్డకు చెప్పలే. పరాయింటి నుంచి వచ్చిన నిన్ను నమ్మి గుప్పెట మూసిన. నువ్వు దాన్ని బజార్ల పోసినవు!"

"నానమ్మా, అమ్మ కావాలని..." నిహారిక మధ్యలో వచ్చింది.

"నువ్వు ఊకో! మీ అమ్మ చెప్పింది, నువ్వు కార్డుల మీద అంటించి ఊరంతా పంచినవు. ఇద్దరూ ఇద్దరే." బుచ్చమ్మ మళ్ళీ కోడలి వైపు తిరిగింది. "పోనీ, చెప్పినవు. నేను నా చెయ్యి సచ్చిపోయిందని ఏడుస్తుంటే పప్పు వడ్డిస్తివి కదనే! కళ్ళ ముంగట ఏడుస్తుంటే ఒక్క మాట చెప్పకపోతివి. పగోళ్ళు కూడ అట్ల చెయ్యరు!"

మనోజ తల వంచుకుంది. కళ్ళలోంచి నీళ్ళు జారుతున్నాయి.

"నేను చెబుతానండీ పిన్నిగారూ" అంది లీలాకుమారి.

"వద్దక్కా, నీ కాళ్ళు మొక్కుత" అని మనోజ చేయి పట్టుకుంది.

"ఎన్నాళ్ళు దాస్తావమ్మా? నిన్ను ఆవిడ అలా అంటుంటే నేను వినలేను." లీలాకుమారి కణత మీది పౌడరు చీరకొంగుతో తుడిచింది. అక్కడ నల్లటి మచ్చ బయటపడింది. "పోయిన వానాకాలం మీరిచ్చిన మందు రాసుకున్నాను. తెల్లారేసరికి బొబ్బలు. ఆ షూటింగ్‌కి జ్వరమని చెప్పి వెళ్ళలేదండీ. ఇదుగో, మచ్చ మిగిలింది. మీకు చెప్పబుద్ధి కాలేదు. మనోజకు మాత్రం చూపించాను."

బుచ్చమ్మ చటుక్కున లేచింది. "నా మందుకు బొబ్బలా? నీ మేకప్‌ల ఏం మన్ను కలిసిందో! నా ఆకు నాకు తెల్వదా? నలభై ఏండ్లు కోసిన చెయ్యి ఇది!"

లీలాకుమారి మచ్చను మళ్ళీ కొంగుతో కప్పుకుంది.

నిహారిక లేచి, తన అట్టపెట్టె వెతికి రెండు కార్డులు తెచ్చింది. నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, మెత్తగా చెప్పింది. "నానమ్మా, ఈ ఆకులు నేను వేరే ఎక్కడా తేలేదు. నువ్వు నూరంగ మిగిలినయి రోలు పక్కన పడేస్తవు కదా, అవే ఏరి పుస్తకాల కింద పెట్టి ఎండబెట్టిన. అప్పట్ల అవి ఏమాకులో కూడ నాకు తెల్వదు. కానీ అండ్ల రెండు రకాలుండె. కండ్లతోని కాదు, చేత్తోని చూడు."

బుచ్చమ్మ మొదటి కార్డు మీది ఆకు అంచు వెంట బొటనవేలు నడిపింది. సన్నటి రంపంలా పళ్ళు తగిలాయి. నడిపి, రెండో కార్డు తీసుకుంది. వేలు జారిపోయింది. అంచు నున్నగా ఉంది. ఇంకోసారి నడిపింది. నున్నగానే ఉంది.

ఆ మొక్క ఆమెకు తెలుసు. తుంచితే పాలు కారే కలుపు. తన ఆకు పక్కనే, దాని అంత ఎత్తే పెరుగుతుంది. ఆ పాలు తగిలితే పశువుల మూతులు కూడా పొక్కుతాయి.

ఆమె ఆకు కోసే పాత చోటు పోయి ఏడాది దాటింది. ఎవరో సాఫ్ట్‌వేర్ ఆసామి బంగళా కోసం ఆ బండలు పేల్చేశారు. అప్పటినుంచి కొండ అవతలి వాలుకు వెళ్తోంది. చీకట్లో, మసక కళ్ళతో, నలపకుండా, వాసన చూడకుండా, కట్టుబాటు ఒక్కటీ తప్పకుండా కోసుకొస్తోంది. నూరి నూరి కాయలు కాసిన ఆమె అరచేతులు ఆ పాలు అంటినా పొక్కలేదు. కట్టుబాటు తప్పి ఒక్కసారి ఆకును నలిపి ఉంటే వేలికే తెలిసిపోయేది.

"కంటి డాక్టర్ కాడికి పోదామంటే నువ్వు నా మీద గయ్యిమన్నవ్. యాదికుందా అత్తమ్మా?" అంది మనోజ మెల్లగా. "గులాబీ నీళ్ళు పోసుకుంటే చాలంటివి. ఇగ ఏం జెయ్యాలె నేను? ఆకు ఆపు అంటే నీ పానం పోతది. ఆపకపోతే ఎవరి మొఖమో కాలుతది. వచ్చినోళ్ళకు గేటు కాడనే ఆకు చెప్పి, మీరే కోసుకోన్రి, పెద్దామెకు చెప్పకున్రి అన్న."

"లీల మచ్చ చూసి ఊరికెనే నమ్మినవా? నా మీద అంత నమ్మకం లేకపాయెనా?"

మనోజ చేతులు కొంగు కింద దాచుకుంది. నిహారికే తల్లి చేయి పట్టుకుని, మణికట్టు దాకా ఉన్న జాకెట్టు చేతిని పైకి మడిచింది. "చూపియ్యమ్మా. ఎండాకాలంల కూడ పొడుగు చేతుల జాకెట్లు ఎందుకేసుకుంటున్నవో చెప్పు."

మణికట్టు నుంచి మోచేతి దాకా, వెలిసిన పొక్కుల మచ్చలు.

"లీలక్క చెప్పినా నమ్మలే నేను" అంది మనోజ ఏడుస్తూ. "అందుకే నువ్వు నూరినప్పుడల్లా ముందుగాల నా చేతికి రాసుకుని చూసిన. కొన్ని దినాలు ఏం కాకపోతుండె. మా అత్తమ్మ తప్పు చెయ్యదు అని సంబురపడుతుంటి. మళ్ళ ఒక దినం పొక్కుతుండె. ఎన్నిసార్లు రాసుకున్ననో... నువ్వే గెలవాలని రాసుకున్న అత్తమ్మా."

బుచ్చమ్మ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. మచ్చల మీద వేళ్ళు నడిపింది, కార్డు మీద నడిపినట్టే. ఒక్కో మచ్చ దగ్గర ఆగింది. ఏడుపు ఎక్కడో లోపల మొదలై, భుజాలు కదిలించి, ఆఖరికి బయటికి వచ్చింది.

"నన్ను తిట్టొద్దా పిచ్చిదానా? ముసల్దానివి, నీకు కనబడుతలేదు అని మొఖం మీద అనొద్దా? నిన్ను నువ్వు కాల్చుకుంటవా?"

"అంటే నువ్వు బతుకుతవా?"

"బతకకపోదునా! రెండు దినాలు అన్నం మానేసి అలుగుదును. మూడో దినం నువ్వే బుజ్జగిస్తుంటివి." కొంగుతో కోడలి కళ్ళు తుడిచింది. "దాచినందుకు మాత్రం నీ మీద కోపమే. అది ఇప్పట్ల పోదు, చెప్తున్న."

"ఉండనియ్యి అత్తమ్మా. పోయేదాంక ఉంట."

బుచ్చమ్మ లీలాకుమారి వైపు తిరిగి చేతులు జోడించబోయింది. ఆమె గబుక్కున ఆ చేతులు పట్టుకుంది. "చాల్లెండి పిన్నిగారూ! మేనత్త వేషాలకు మచ్చ ఉంటేనే అందమని మా డైరెక్టరు అన్నాడు."

"ఆ డైరెక్టర్ కండ్లు కూడ చూపియ్యాలె డాక్టర్‌కు" అంది బుచ్చమ్మ. ఏడుస్తూనే అందరూ నవ్వారు.

మర్నాడు బుచ్చమ్మ చీకటితో లేవలేదు. ఎండ గేటు దాటి లోపలికి వచ్చాక మనోజ చేయి పట్టుకుని కొండవాలుకు వెళ్ళింది. నిహారిక వెనకాలే వచ్చింది. మనోజ ఒక్కో ఆకూ కోసి ఇస్తుంటే, బుచ్చమ్మ అంచు తడిమి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ ఆకును కోసిన చోటే నలిపి వాసన చూడటం ఆమెకు అదే మొదటిసారి.

ఇంటికి వచ్చి తలుపు బార్లా తెరిచి నూరింది. ఇంత ఉప్పు, ఇంత పసుపు. కోడలి మణికట్టు మీద మెల్లగా పూసింది. మధ్యాహ్నం కంటి ఆసుపత్రికి వెళ్ళాలని పృథ్వీరాజ్ ఆటో మాట్లాడి ఉంచాడు.

"మండుతున్నదా?"

"లేదత్తమ్మా. సల్లగుంది."

బుచ్చమ్మ తన అరచేయి ఒకసారి చూసుకుంది. తర్వాత మనవరాలిని పిలిచింది.

"ఇగో పిల్లా, ఆ కార్డుల మీద ఆకు ఒక్కటే అంటించి ఊకున్నవేంది? ఎవరికన్న తెలియాలె గదా. కింద పేరు గూడ రాయి."

"ఏం పేరు రాయాలె నానమ్మా?"

బుచ్చమ్మ ఒక్క క్షణం అత్తను తలుచుకుంది. ఆ తర్వాత, వీధి గేటు దాకా వినబడేట్టు, తన నోటితో మొట్టమొదటిసారి అంది.

"కుప్పింటాకు."