మూడో ఫ్రీజర్‌లోని ట్యూబు

“ఈ రోజు పదింటికి వైరస్ ల్యాబ్‌లో దొంగతనం జరుగుతుంది,” అన్నాడు చీఫ్, బిస్కెట్‌ని టీలో ముంచుతూ.

ఏజెంట్ నలభై ఒకటి గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ పది.

“ఎవరు సర్?”

“గద్ద. విదేశీ ముఠా. మూడో ఫ్రీజర్‌లో ఒక ట్యూబుంది. కొత్త జ్వరం వైరస్ ప్రాణంతో ఉన్నది అందులోనే. మధ్యాహ్నానికి అది వాక్సిన్ తయారీకి వెళ్ళాలి. పోయిందంటే మన వాక్సిన్ కూడా పోయినట్టే.”

ముఠాలో మనకు సాయం చేసే డబుల్ ఏజెంట్ పేరు సీతాకోకచిలుక. ‘వాన తగ్గిందా’ అని అడుగుతుంది. ‘గొడుగు తెచ్చాను’ అనాలి. ఆమె రెండు పడవల మీద కాళ్ళు పెట్టిందని ఆఫీసులో చీఫ్‌కి, ఏజెంట్‌కి తప్ప అందరికీ తెలుసు.

ఏజెంట్ ఫ్రీజర్ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. స్క్రూడ్రైవర్‌లో కెమెరా, మూతి మీద అంటించిన మీసం. ల్యాబ్ డాక్టరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

“మీసం ఒక పక్క ఊడుతోంది బాబూ. గ్లోవ్స్ వేసుకో. దేన్నీ ముట్టుకోకు.”

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె వైరస్‌ల కోసం గబ్బిలాల వెంట తిరిగింది. తెల్లవారకముందే చెట్ల కింద ప్లాస్టిక్ పట్టాలు పరిచి, వాటి మూత్రాన్ని చుక్క చుక్కగా ట్యూబుల్లోకి ఎత్తింది. ఆమె ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే చుట్టాలు ‘ఏదో మందుల కంపెనీ’ అని మాట మార్చేవారు. జ్వరాలొచ్చినప్పుడు పెద్దమనుషులు ఆమె నంబరు వెతికేవారు, తగ్గగానే మరిచిపోయేవారు. ఈసారి జ్వరం పందొమ్మిది మందిని తీసుకుపోయింది. పందొమ్మిదోవాడు ఆమె డ్రైవర్. పదకొండేళ్ళు ఐస్‌బాక్స్ మోస్తూ, ‘అక్కా’ అంటూ వెంట నడిచినవాడు. వైరస్ ప్రాణంతో దొరికింది అతని రక్తంలోనే.

సరిగ్గా పదింటికి సీతాకోకచిలుక అవార్డు కమిటీ మనిషిగా వచ్చింది. నల్లకళ్ళద్దాలు, గది నిండే సెంటు, చేతిలో స్టీలు ఫ్లాస్కు. కోడ్‌వర్డ్ అడిగింది. ఏజెంట్ జవాబిచ్చాడు. గద్ద మనుషులు వెనక గేటు దగ్గర ఉన్నారని ఆమె చెవిలో చెప్పగానే, ముందూ వెనకా ఆలోచించకుండా పరుగెత్తాడు. అక్కడ ఊడ్చే ఆవిడ తప్ప పిట్ట కూడా లేదు.

తిరిగొచ్చేసరికి ఫ్రీజర్ తలుపు తెరిచి ఉంది. సీతాకోకచిలుక వరండాలో నిలబడి డాక్టరమ్మకు పిస్టల్ గురిపెట్టింది. ట్యూబు ఫ్లాస్కులో ఉంది.

“చల్లగా ఎలా ఉంటుంది?” అని అడిగింది డాక్టరమ్మ.

“మీ డ్రై ఐసే మేడమ్. నిండా వేశాను.”

“మూత?”

“గట్టిగా బిగించాను.”

డాక్టరమ్మ ముఖంలో భయం కనిపించలేదు. పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చిన విద్యార్థిని చూసినట్టు చూసింది.

“డ్రై ఐస్ నీళ్ళవదు అమ్మాయ్, గ్యాసవుతుంది. దానికి దారి లేకపోతే ఫ్లాస్కు పేలుతుంది. మా అటెండర్‌కి మొదటి రోజే నేర్పే పాఠం. ఇంత పెద్ద ముఠాలో నీకు చెప్పే దిక్కు లేకపోయిందా?”

“బెదిరిస్తున్నారా?”

ఫ్లాస్కు అడుగు టక్కుమని బయటికి ఉబ్బింది. సీతాకోకచిలుక దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుంది. ఏజెంట్ తన పిస్టల్ ఎత్తబోతే డాక్టరమ్మ అడ్డం వచ్చింది.

“నువ్వు ఆగు. అమ్మాయ్, నువ్వేమైపోయినా నాకనవసరం. అందులో ఉన్నది మావాడు. మెల్లగా కింద పెట్టు.”

సీతాకోకచిలుక ఫ్లాస్కు నేల మీద పెట్టి పరుగు తీసింది. తిన్నగా ఏజెంట్ చేతుల్లోనే పడింది. ఆ రోజు అతని ఘనకార్యం అదొక్కటే.

డాక్టరమ్మ ముఖానికి షీల్డు పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఫ్లాస్కు మూతిని గోడవైపు తిప్పి, మూతను వెంట్రుకవాసి చొప్పున వదులు చేసింది. బుస్సుమని గ్యాస్ వచ్చింది. తర్వాత తెల్లటి పొగ. ట్యూబు మీద మంచు ఇంకా కరగలేదు. దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి, రిజిస్టర్‌లో టైము రాసింది. మధ్యాహ్నం అది వాక్సిన్ తయారీకి వెళ్ళిపోయింది.

సాయంత్రం చీఫ్, బాంబును ఏ పరికరంతో ఆపారో రాసివ్వమన్నాడు. ఏజెంట్ నిజమే రాశాడు: మూత వదులు చేశారు.

చీఫ్ ఆ మూడు మాటల మీద ‘అత్యంత రహస్యం’ అని ముద్ర వేసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.