ఆరున్నరకు వచ్చే తాతయ్య

"మీ తడి చొక్కాలే మా టీవీని పాడుచేస్తున్నాయి, తెలుసా?"

లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే మీదపడ్డ ఆ నిందకు నిశాంత్ బిత్తరపోయాడు. సైన్స్ పార్క్‌లో సిగ్నల్ పరికరాలు పరీక్షించే ఇంజనీర్ అతను. ఆ సంగతి కింది ఫ్లాట్ కీర్తికకు తెలియదు. అతను కిటికీ బయట ఆరేసే బట్టలు తమ యాంటెన్నాకు అడ్డమని మాత్రం ఆమె గట్టి నమ్మకం.

"బొమ్మ ఎన్నింటికి పోతోందండీ?"

"షార్ప్ ఆరున్నరకి. పిక్చర్ ముక్కలైపోయి ఆగిపోద్ది. 'మీ తాతయ్య భోజనానికొచ్చారు' అంటది నానమ్మ. నాకు భయం లా!" మాట చివర 'లా' తగిలించడం ఆమెకు ఆ దేశంలో అబ్బిన అలవాటు.

తాతయ్య యర్రయ్య పోయి మూడు నెలలు. ఆ వేళకు ఇంట్లో ఉండలేక కీర్తిక వాన పడుతున్నా కిందికి దిగిపోయేది. ఇక నానమ్మను వదిలేసి స్నేహితురాలి ఫ్లాట్‌కు మారిపోదామనే అనుకుంటోంది.

మర్నాడు నిశాంత్ చొక్కాలన్నీ లోపలేసుకుని, సిగ్నల్ కొలిచే మీటరు పట్టుకుని కింది ఫ్లాట్‌కు వచ్చాడు. నానమ్మ వరలక్ష్మమ్మ టీవీ పక్కనున్న తాతయ్య ఫొటో ముందు అన్నం, చేపల పులుసు వడ్డించింది. దీపం వెలిగించి, కిటికీ గాలికి ఆరిపోకుండా పెద్ద స్టీలు పళ్లెం అడ్డం నిలబెట్టింది.

ఆరున్నర కాగానే టీవీలో వార్తలు చదివే అమ్మాయి ముఖం సగంలో ఆగిపోయింది.

నిశాంత్ పళ్లాన్ని కాస్త జరిపాడు. బొమ్మ వచ్చింది. మళ్లీ కిటికీలోని యాంటెన్నాకు అడ్డం పెట్టాడు. పోయింది. కీర్తిక చూస్తూనే ఉంది.

"ఏం బాబూ, తెలిసిందా?" వరలక్ష్మమ్మ తడికళ్లతో అడిగింది.

"లేదు మామ్మగారూ. నా చదువుకు అందట్లేదు."

గుమ్మం దాటగానే కీర్తిక నిలదీసింది. "అబద్ధం చెప్పారు!"

"చెప్పాను. పళ్లెం తీసేస్తే టీవీ బాగుపడుతుంది. రేపటినుంచి ఆవిడ ఎవరికి వడ్డిస్తారండీ?"

కీర్తిక నానమ్మకు వినబడకుండా తలుపు దగ్గరగా వేసింది. భయం ఎటు పోయిందో కానీ, మనసు మాత్రం అతని వైపే పోయింది.

"రేపు కూడా వస్తారా?"

"యాంటెన్నా కోసమా?"

"మకాన్ కోసం లా. మా ఇంట్లో భోజనానికి."

మర్నాడు జోరువాన. కిటికీలన్నీ మూసేశారు. ఆరున్నరకు బొమ్మ ఆగిపోయింది. కీర్తిక నవ్వుతూ నిశాంత్ వైపు చూసి, అంతలోనే బిగుసుకుపోయింది. గాలి లేదని నానమ్మ ఈరోజు పళ్లెం పెట్టనేలేదు. అది వంటింట్లో బోర్లించి ఉంది.

నిశాంత్ కేబుల్ చూశాడు. మీటరు చూశాడు. సిగ్నల్ నిండుగా ఉంది. గాలి చొరబడని గదిలో దీపం ఫొటో వైపు వాలింది.

తనకు తెలియకుండానే కీర్తిక అతని చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు దేనివల్ల?"

"తెలీదు." ఈసారి అబద్ధం కాదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

వరలక్ష్మమ్మ ఆ చేతుల్ని చూసి, ఫొటో వైపు తిరిగింది. "చూశారుగా పిల్లాణ్ణి. ఏమంటారు?"

దీపం నిటారుగా నిలబడింది. టీవీలో బొమ్మ కదిలింది.

"సరేనన్నారు మీ తాతయ్య," అంది నానమ్మ, ఇంకో కంచం తీస్తూ. "కూర్చో బాబూ, పులుసు చల్లారిపోద్ది."