నీకేం కావాలి సుధా?

ఆ సోమవారం ఉదయం నాగేశ్వరి చేతిలో ఉప్మా పోపు మాడింది. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆమె పోపు మాడ్చిన రోజులు చాలా తక్కువ. వారం పది రోజులుగా ఆమె మనసు మనసులో లేదు. కూతురు రాగసుధ చుడీదార్లు నానబెట్టినప్పుడల్లా చేతుల అంచుల దగ్గర తెల్లగా గట్టిపడిన మరకలు కనిపిస్తున్నాయి. కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లకి ఈ మరకలెక్కడివి? అడిగితే, "బస్సులో ఏదో అంటుకుంది లేమ్మా" అని తప్పించుకుంది. అసలు కంపెనీ క్వాలిస్ కారు ఇంటి ముందుకే వచ్చేది కదా, ఇప్పుడు బస్సెందుకు ఎక్కుతోంది? షిఫ్టు మారిందట. నాగేశ్వరి నమ్మలేదు. అలాగని గుచ్చి అడగనూ లేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం.

హనుమత్ప్రసాద్ హాల్లో పేపరు చదువుకుంటున్నాడు. తెనాలి బ్యాంకులో హాయిగా ఉన్న మనిషి. పిల్లల చదువుల కోసం బదిలీ అడిగి మరీ హైదరాబాదు వచ్చి, పంజాగుట్టలో ఈ ఫ్లాటు కొన్నాడు. కొడుకు కేదార్ సాఫ్ట్‌వేర్‌లో టీమ్ లీడ్ అయ్యాడు. సుధ మెకానికల్ ఇంజనీరింగ్ చదివినా, చదువు అవగానే అందరు పిల్లల్లాగే అమీర్‌పేటలో జావా నేర్పించాడు. మాదాపూర్ కంపెనీలో ఆఫర్ లెటర్ వచ్చిన రోజు అపార్ట్‌మెంటులో అన్ని తలుపులూ తట్టి మిఠాయి పంచాడు. ఆ సంబరం ఆయన ముఖంలో ఇంకా ఆరలేదు.

సుధ చెప్పులు వేసుకుంటుండగా కేదార్ తన గదిలోంచి వచ్చాడు. చేతిలో ఫోను, ముఖం ఎర్రగా ఉంది.

"ఎక్కడికి సుధా?"

"ఆఫీసుకి."

"ఏ ఆఫీసుకి? నువ్వు మానేసి నెల దాటిందట! మీ టీమ్‌లో వాడే ఇప్పుడు ఫోన్ చేసి చెప్పాడు."

పేపరు కిందికి దిగింది. నాగేశ్వరి గరిటె పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

సుధ కాసేపు తలుపు వైపే చూసింది. తర్వాత చెప్పులు విప్పేసి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నిజమే నాన్నా. ఈ ఆదివారం చెబుదామనుకున్నాను. ప్రతి ఆదివారం అలాగే అనుకుంటున్నాను."

"మరి రోజూ ఎక్కడికి వెళ్తున్నావు?"

"అమీర్‌పేటలో ఒక ట్రస్టు వర్క్‌షాపు ఉంది. కాళ్లు పోయినవాళ్లకి కృత్రిమ కాళ్లు చేస్తారు. అక్కడ నేర్చుకుంటున్నాను. వచ్చే ఏడాది దానికి సంబంధించిన కోర్సులో చేరతాను."

హనుమత్ప్రసాద్‌ పేపరు మడిచి పక్కన పెట్టాడు. మరొకరెవరో చేసిన పని గురించి చెబుతున్నారేమో అన్నట్టు చూశాడు.

"అది ఎక్కడ చూశావు?" అంది నాగేశ్వరి మెల్లిగా.

"పోయిన ఏడాది మా ఆఫీసులో స్వాతి వాళ్ల నాన్నకి షుగర్ వల్ల కాలు తీసేశారు కదమ్మా. తోడుగా రమ్మంటే వెళ్లాను. ఆయన కొత్త కాలు మీద లేచి నిలబడ్డప్పుడు అందరూ ఏడుస్తున్నారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఆ మడమ దగ్గర బరువు ఎలా మోస్తోందా అని వంగి చూస్తున్నాను. అప్పటి నుంచీ మనసు అక్కడే ఉంది."

"సేవ చేయాలనుంటే ఆదివారాలు చెయ్!" హనుమత్ప్రసాద్ గొంతు లేచింది. "ఎవరొద్దన్నారు? ఉద్యోగం మానేయడం ఏంటి? ఒక లక్ష్యం అంటూ ఉండొద్దూ మనిషికి?"

"లక్ష్యాలన్నీ అందుకున్నాను కదా నాన్నా. ఎంసెట్ ర్యాంకు అన్నారు, తెచ్చుకున్నాను. జావా అన్నారు, ఉద్యోగం అన్నారు. అన్నీ అయ్యాయి. ఒక్కొక్కటీ అయిన మర్నాడు మీ ముఖాలు చూసి సంతోషపడేదాన్ని. నాకంటూ ఏమీ అనిపించేది కాదు. అవి మంచివే. కాకపోతే, వాటిలో నాది ఒక్కటీ లేదు."

"డైలాగులొద్దు," అన్నాడు కేదార్. "అసలు సంగతి నేను చెప్పనా? ఈసారి ఆఫీసు రివ్యూలో నీకు రేటింగు బాగా తక్కువ వచ్చింది. తట్టుకోలేక పారిపోయావు. దానికి నువ్వు పెట్టుకున్న గొప్ప పేరు ఇదంతా."

సుధ ముఖం తెల్లబోయింది. మళ్లీ చెప్పుల్లో కాళ్లు దూర్చింది. తలుపు తీసుకుని, మెట్ల మీదుగా గబగబా దిగి వెళ్లిపోయింది. టిఫిన్ డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

కేదార్ కూడా ఆఫీసుకి వెళ్లాక హనుమత్ప్రసాద్ ఆ రోజుకి సెలవు పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వెళ్లు నాగేశ్వరీ. నీ మాట వింటుంది. మళ్లీ ఉద్యోగంలో చేర్చుకోమని అడగొచ్చు, ఇంకా టైముంది. తీసుకురా."

నాగేశ్వరి డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరింది. అమీర్‌పేటలో మేడ మేడకీ కోర్సుల బ్యానర్లు వేలాడుతున్నాయి. ఫుట్‌పాత్ మీద భుజాన బ్యాగులతో పిల్లలు కిక్కిరిసి నడుస్తున్నారు. ఒక కుర్రాడు ఆమె చేతిలో కరపత్రం పెట్టి, "ఆంటీ, ఇంట్ల పిల్లలుంటే పంపుండ్రి, డెమో క్లాసు ఫ్రీ" అన్నాడు. ఇదే ఫుట్‌పాత్ మీద తనూ ఆయనా సుధని వెంటబెట్టుకుని ఆ మేడలన్నీ ఎక్కి దిగారు ఒకప్పుడు. ఏ కోర్సుకి గిరాకీ ఉందని అందరినీ అడిగారు. సుధని మాత్రం ఏమీ అడిగిన గుర్తు లేదు.

వర్క్‌షాపు ఒక సందు చివర రేకుల షెడ్డులో ఉందని ఇద్దరు ముగ్గుర్ని అడిగి కనుక్కుంది. లోపల తడి సున్నంలాంటి వాసన. గోడ వారగా సగం తయారైన కాళ్లు. మధ్యలో సుధ నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మోచేతుల దాకా తెల్లటి ప్లాస్టర్. ఆ మరకలెక్కడివో నాగేశ్వరికి అర్థమైంది.

ఎదురుగా బెంచీ మీద యాభై ఏళ్ల మనిషి. పేరు కనకయ్య. యూసుఫ్‌గూడలో మిర్చి బజ్జీల బండి నడిపేవాడు. లారీ తగిలి మోకాలి కింద కాలు పోయింది. సుధ చేసిన కొత్త కాలు తొడుక్కుని నాలుగడుగులు వేసి, ముఖం చిట్లించి కూలబడ్డాడు.

"గిది కాదు బిడ్డా. గీడ గుచ్చుతుంది. నిన్న మంచిగుంటదంటివి, ఇయ్యాల పానం పోతుంది. దీంతోని బండి కాడ ఎట్ల నిలబడాలె?"

నాగేశ్వరికి కోపమొచ్చింది. ఇంజనీరింగ్ చదివిన పిల్లని బజ్జీల బండివాడు కసురుకోవడమా! ముందుకు కదలబోయింది. సుధ ఆమెని చూడనేలేదు. ఆ కాలు విప్పి, తొడుగు లోపలంతా వేళ్లతో తడుముతోంది.

"ఎక్కడ గుచ్చుకుందో సరిగ్గా చూపించు బాబాయ్. ఇక్కడా? ఇంకాస్త కిందనా?"

"ఆఁ, గాడనే!"

"ప్లాస్టర్‌తో నీ కాలి అచ్చు తీసేటప్పుడు నువ్వు కాలు బిగబట్టావు. నేను గమనించలేదు. తప్పు నాదే. మళ్లీ మొదటి నుంచి చేస్తాను."

"మల్ల జేస్తవా?" కనకయ్య గొంతులో కోపం తగ్గింది. "సరే తీ. ఫికర్ జెయ్యకు. ఎల్లుండొస్త."

షెడ్డు చూసుకునే ఛాయాదేవి ముఖం పోలికలు చూసి పక్కకొచ్చి నిలబడింది. "రోజూ ఇంతేనమ్మా," అంది నాగేశ్వరితో. "ఇంకా చాలా నేర్చుకోవాలి మీ అమ్మాయి. ఎన్నాళ్లు నిలబడుతుందో నేనూ చెప్పలేను."

సుధ తలెత్తి తల్లిని చూసింది. ఇద్దరూ బయట అరుగు మీద కూర్చున్నారు. నాగేశ్వరి డబ్బా తెరిచి పెట్టింది.

"అన్నయ్య అన్నది నిజమేనా సుధా?"

సుధ చేతుల మీది ప్లాస్టర్ గోటితో గీకింది.

"పొద్దుటి నుంచీ అదే నన్ను నేను అడుగుతున్నానమ్మా. కొంత నిజమే. ఆ రివ్యూ అయ్యాక బాత్రూంలో ఏడ్చాను. అది లేకపోతే మానేసే ధైర్యం వచ్చేది కాదేమో." ఆమె డబ్బా దగ్గరికి లాక్కుంది. "కానీ అక్కడ నా పనిలో తప్పు దొరికితే, అది ఎవరికీ కనపడకపోతే చాలనుకునేదాన్ని. ఇక్కడ తప్పు దొరికితే అదేమిటో తెలిసేదాకా అన్నం దిగట్లేదు. ఈ మాట ఇంట్లో చెబితే ఎవరికీ అర్థం కాదనిపించింది. నీకెప్పుడైనా ఏదైనా పని అలా అనిపించిందా?"

నాగేశ్వరి సమాధానం వెతుక్కుంది. పెళ్లికి ముందు నాన్న మాట, తర్వాత ఈయన ఉద్యోగం, ఆ తర్వాత పిల్లల పరీక్షలు. ప్రతి రోజూ ఎవరో ఒకరి అవసరంతో తెల్లవారింది. ఏదీ బలవంతంగా చేయలేదు. అయినా కూతురు అడిగినదానికి జవాబు మాత్రం దొరకలేదు. కళ్లు చెమ్మగిల్లాయి. కొంగుతో ఒత్తుకుని, "తిను, చల్లారిపోతోంది" అని మాత్రం అంది.

ఒంటరిగా తిరిగొచ్చిన భార్యని చూసి హనుమత్ప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"ఏదీ?"

"తీసుకురాలేదండీ. తీసుకురాను."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. ఈ ఇంట్లో నాగేశ్వరి ఒక పని చెయ్యనని తెగేసి చెప్పడం ఆయన ఎప్పుడూ విననిది.

"నువ్వు కూడానా! రేపు ఆ షెడ్డు మూసేస్తే? మోజు తీరిపోతే? అప్పుడెవరు దిక్కు?"

"తీరిపోవచ్చు. నాకూ భయంగానే ఉంది. కానీ సుధ అక్కడ నేల మీద కూర్చుని, ఒకాయన చేత మాటలు పడి, తప్పు నాదేనని ఒప్పుకుని, మళ్లీ మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో మనం పెట్టిన ఏ పరీక్షకి అది అలా కూర్చుంది? మార్కులు తేవడం చూశాం. ఇష్టపడడం చూశామా?"

హనుమత్ప్రసాద్ కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"నేనేం పగవాడినా నాగేశ్వరీ? నాకు తెలిసిన భద్రమైన దారి ఒక్కటే. ఎవరేం అవ్వాలనుకుంటున్నారో అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. నన్నూ ఎవరూ అడగలేదు."

"నన్నూ అడగలేదండీ."

ఆయన తలెత్తి చూశాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఆయనకి ఎక్కువ తగిలింది. ఆమె చెయ్యి అందుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకి సుధ వచ్చింది. గుమ్మంలోనే ఆగింది, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు. అప్పటికే వచ్చి సోఫాలో కూర్చున్న కేదార్, "పొద్దున ఎక్కువ మాట్లాడాను," అని గొణిగాడు. ఇంకా అతని ముఖం ముడుచుకునే ఉంది.

"ఇలా రా సుధా," అన్నాడు హనుమత్ప్రసాద్. "నాకింకా నచ్చలేదు. ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ నెల రోజులు దొంగలా తిరిగావు చూడు, అది నా వల్లే. ఒక్క మాటివ్వు. అక్కడ నువ్వు ఓడిపోయిన రోజు ఇంటికొచ్చి చెప్పాలి. నా దగ్గర దాచొద్దు."

సుధ చెప్పులు విప్పింది. వచ్చి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఆయన మోకాలి మీద తల పెట్టుకుంది.

"ఇవాళే ఓడిపోయాను నాన్నా," అంది ఏడుస్తూ.

ఆయన ఆమె జుట్టు మీద చెయ్యి వేశాడు.

"అలాగా," అన్నాడు. "ఏమైందో చెప్పు."