అందని నాడె

నాడె మళ్ళీ కింద పడింది.

నైజాం రోజులవి. గద్వాలలో పట్టంచు చీర నేయాలంటే మగ్గం దగ్గర ఇద్దరు కూర్చోవాలి. దశరథం అంచు దారం చుట్టిన నాడె విసిరితే, ఎడమవైపు కూర్చున్న భార్య జములమ్మ అందుకుని తిరిగి పంపాలి. పొద్దున ఒక్కటీ జారదు. సాయంత్రమయ్యేసరికి ఆమె వేళ్ళు ముడుచుకోవు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా ముక్కులోంచి వస్తుంది...

"పొద్దున బంగారం లెక్క ఉంటది. పొద్దుగూకంగనే నాటకం మొదలు," అంది అత్త బాలనాగమ్మ. "తల్లి చావుకు పోయి నెల పండుకుంటె మంచిగనే అయింది గద. దొంగ రోగం నా ఇంట్లనే వస్తదా? రేపు వనపర్తికి బండి కట్టు దశరథా. మా అన్న బిడ్డ ఈదమ్మను నీకు అడిగొస్త."

దశరథం తల వంచుకున్నాడు. జములమ్మ జవాబు చెప్పబోయింది. నాలుక కదలలేదు. మూడేళ్ళుగా ఇంతే... తిట్లు సాయంత్రం పడతాయి, మాట తెల్లవారితే గానీ రాదు.

దవాఖానకు పరగడుపునే పోవాలని అత్త పట్టు. మూడుసార్లు తెల్లవారుజామునే తీసుకుపోయింది. మూడుసార్లూ డాక్టరు సామ్యూల్ ఏ జబ్బూ లేదన్నాడు.

ఈసారి, ఆ సాయంత్రమే, జములమ్మ తానే లేచింది. ఒక రెప్పను వేలితో ఎత్తిపట్టుకుని, గోడలు తడుముకుంటూ దవాఖానకు నడిచింది. పరువు తీస్తోందని తిట్టుకుంటూ అత్త, వెనకే దశరథం వచ్చారు.

సామ్యూల్ ఆమె ముఖం చూసి దిగ్గున లేచాడు.

"ఇన్నాళ్ళు సాయంత్రం పూట ఎందుకు తేలేదమ్మా? నేనన్నా అడగకపోతిని..." పట్నం నుంచి తెప్పించిన కొత్త సూదిమందు వేశాడు. "నరం కొసన ఒక రసం ఊరుతది. కండ దాన్ని అందుకుంటేనే కదులుతది. ఈమె కండకు ఆ అందుకునుడు సరిగ లేదు. పనిచేసిన కొద్దీ ఇంకా తగ్గుతది, పండుకుంటె మళ్ళ వస్తది."

"నేను విసిరినా, అందుకునే చెయ్యి లేనట్టా?" అన్నాడు దశరథం మెల్లగా.

"గంతే. ఆ రసం ఊరంగనే కరిగిపోతది. ఈ మందు దాన్ని జరసేపు కరగనియ్యదు."

పావుగంట గడిచింది. జములమ్మ రెప్పలు వాటంతట అవే లేచాయి.

"ఎంతసేపుంటది డాక్టరుసాబ్?" మాట గంటలా వచ్చింది.

"రెండు మూడు గంటలు."

"చాలు. కూసో అత్తమ్మా. మా అమ్మ శవం లేపిననాడు నేను ఏడ్వలేదని అందరి ముందట రాతిగుండె అన్నవు. ఏడ్వనీకి గొంతు లేవలే. అమ్మా అని ఒక్కసారి పిలవకుంటనే సాగనంపిన. ఈదమ్మను తెచ్చుకుంటె తెచ్చుకోండ్రి. దొంగ రోగమన్న మాట మాత్రం వాపసు తీసుకో!"

బాలనాగమ్మ వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

మర్నాడు వనపర్తికి బండి కట్టలేదు. పొద్దు వాలుతుండగా బాలనాగమ్మ మగ్గం దగ్గరికి వచ్చి, "లే, జరసేపు పండుకో," అని కోడలిని లేపి ఎడమవైపు తానే కూర్చుంది. కొడుకు విసిరిన నాడె ఆమె వేళ్ళలోంచి జారిపోయింది.

జములమ్మ వంగి, దాన్ని తీసి అత్త చేతిలో పెట్టింది.